ట్రాక్ డేకు ఏ టైరు: హైదరాబాద్ నుంచి వెళ్లే బైకర్ల కోసం ఒక పోలిక

సొంత బైకును రేసు ట్రాక్ మీద విడతలు విడతలుగా నడిపి చూసే రోజును ట్రాక్ డే అంటారు. అలాంటి ఒక రోజు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో ఇరవై నిమిషాల సెషన్ ముగించుకొని పిట్‌లోకి, అంటే బైకులు ఆగే చోటికి, వచ్చిన బైకు వెనుక టైరు భుజం మీద, అంటే మలుపులో వాలినప్పుడు నేలకు ఆనే అంచు మీద, ఒకసారి అరచేయి ఆనించి చూడండి. ఒక జనవరి ఉదయం పక్కపక్కన నిలిపిన రెండు బైకుల మీద నేను అలా చూశాను. రెండూ ఒకే మోడల్ 390 సీసీ బైకులు, నడిపినవాళ్లిద్దరూ ఇంచుమించు ఒకే వేగంతో తిరిగినవాళ్లు. మొదటి బైకుకు రోడ్డు మీద వాడే మామూలు స్పోర్ట్ రేడియల్ టైర్లున్నాయి. చేయి నాలుగు క్షణాలకు మించి ఉంచలేకపోయాను, రబ్బరు వేళ్లకు జిగటగా తగిలింది, అంచు మీద ఆవగింజలంత రబ్బరు ఉండలు తేలి ఉన్నాయి. రెండో బైకుకు ఎక్కువ ఖరీదు పెట్టి, నెల రోజుల ముందే చెప్పి తెప్పించుకున్న రేసు టైర్లున్నాయి. అవి గోరువెచ్చగా, నున్నగా, గట్టిగా ఉన్నాయి. ఆ సెషన్‌లో వెనుక చక్రం రెండుసార్లు జారిందని చెప్పింది రెండో బైకు నడిపిన మిత్రుడే.

టైర్ల గురించి మనవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న దేనికి పట్టు ఎక్కువ అన్నది. దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ పట్టు ఏ వేడి దగ్గర పుడుతుందో, ఆ వేడికి నా బైకు, నా వేగం ఆ టైరును చేర్చగలవా? దీనికి హైదరాబాద్‌లో ఉంటున్న మనం మరొక ప్రశ్న కలుపుకోవాలి: బైకు ట్రాక్ దాకా తన చక్రాల మీద వెళ్తుందా, డీసీఎం వ్యానులో ఎక్కి వెళ్తుందా? ఈ రెండింటికీ నిజాయితీగా జవాబు చెప్పుకుంటే ఎంపికలో ముప్పాతిక వంతు పూర్తయినట్టే.

దారిని లెక్కలోకి తీసుకోవాలి

2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల తాత్కాలిక ట్రాక్ మీద ‘ఫార్ములా-ఈ’ విద్యుత్ రేసు కార్లు పరుగెత్తినప్పుడు మన ఊరికీ ఒక ట్రాక్ వచ్చిందని చాలామంది సంబరపడ్డారు కానీ, బైకు నడిపేవారికి దానితో పని పడలేదు. నగరంలోని బైకర్లు ఇప్పటికీ ఎక్కువగా వెళ్లేది చెన్నై శివార్లలో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కే. కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే, కోస్ట్ ట్రాక్ ఉన్నాయి. గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ ఉంది. కానీ దూరం దృష్ట్యా వాటికి సొంత బైకు మీద వెళ్లివచ్చేవారు అరుదు.

చెన్నైకి మనవాళ్లు నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ రోడ్డు వదిలి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, అద్దంకి మీదుగా ఒంగోలు చేరి, అక్కడి నుంచి నెల్లూరు మీదుగా వెళ్తారు. ఒకవైపు ఆరు వందల కిలోమీటర్ల పైమాటే కాబట్టి రానుపోను పన్నెండు వందలు దాటుతుంది. ఇక ట్రాక్ మీద తిరిగేది ఎంతో చూడండి. ఒక చుట్టు 3.717 కిలోమీటర్లు. కొత్తగా నేర్చుకుంటున్న రైడరు ఇరవై నిమిషాల సెషన్‌లో ఏడెనిమిది చుట్లు తిరుగుతాడు, అంటే దాదాపు ముప్పై కిలోమీటర్లు. రోజుకు ఐదు సెషన్లు దొరికితే నూటయాభై. సొంత బైకు మీద వెళ్లివచ్చే మనిషి టైరు ట్రాక్ మీద తిరిగే ఒక్కో కిలోమీటరుకూ రోడ్డు మీద ఎనిమిది కిలోమీటర్లు తిరుగుతుందన్నమాట.

ఆ ఎనిమిది కిలోమీటర్లూ దాదాపుగా తిన్నగా, నిటారుగా, ఒకే వేగంతో సాగేవి. అద్దంకి రోడ్డు మీద గంటల తరబడి తిన్నగా పోతే మెత్తటి టైరు మధ్యభాగం అరిగి చదునవుతుంది. అలా చదునైన టైరును మర్నాడు ఉదయం మొదటి మలుపులో వాల్చబోతే బైకు మధ్యభాగం నుంచి భుజం మీదికి సాఫీగా దిగదు, మెట్టు దిగినట్టు ఒక్కసారిగా పడుతుంది. ట్రాక్ కోసం కొన్న మెత్తటి టైరు ట్రాక్ చేరకముందే తన గుణం పోగొట్టుకోవడం అంటే ఇదే. అందువల్ల బైకు మీదే వెళ్లదలచినవారు మధ్యలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటి రబ్బరు ఉన్న రెండు కాంపౌండ్ల టైరును ఎంచుకోవడం మంచిది. నలుగురైదుగురు మిత్రులు కలిసి డీసీఎం మాట్లాడుకొని బైకులను కట్టించి పంపి, తాము రైల్లో గానీ కారులో గానీ వెళ్తే ఈ ఇబ్బంది ఉండదు. అప్పుడు ట్రాక్ వైపు మొగ్గే టైర్ల గురించి ఆలోచించడంలో అర్థం ఉంటుంది.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది

టైరు నేలను తాకే చోట ప్రతి తిరుగుడులోనూ నలుగుతుంది, మళ్లీ తన ఆకారానికి వస్తుంది. ఆ నలుగుడులో ఖర్చయిన శక్తిలో కొంత భాగం రబ్బరులోనే వేడిగా నిలిచిపోతుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు, వాలిన స్థితిలో యాక్సిలరేటర్ తిప్పినప్పుడు, రబ్బరు నేల మీద ఉండీ లేనట్టు సన్నగా జారుతుంది; ఆ రాపిడి పైపొరను వేడెక్కిస్తుంది. ఈ రెండింటికీ బరువు కావాలి, శక్తి కావాలి, వేగం కావాలి. వెయ్యి సీసీ బైకును అనుభవజ్ఞుడు నడిపితే ఈ మూడూ పుష్కలంగా ఉంటాయి. తేలికైన 155 సీసీ బైకు మీద, మొదటిసారి ట్రాక్ ఎక్కిన మనిషి దగ్గర, ఈ మూడూ తక్కువే.

రేసు కోసం చేసిన రబ్బరు చల్లగా ఉన్నప్పుడు మెత్తగా ఉండదు. ఎక్కువ వేడి దగ్గర మాత్రమే పట్టు ఇచ్చేలా దాన్ని కలిపి ఉంటారు కాబట్టి అంతకు తక్కువలో అది గట్టిపడి, నేలలోని చిన్న చిన్న గరుకులను పట్టుకోలేక జారుతుంది. అందుకే రేసుల్లో టైర్లకు వార్మర్లు, అంటే కరెంటుతో వేడెక్కే దుప్పట్లు, చుట్టి 80 డిగ్రీల దగ్గరకు తెచ్చాకే ట్రాక్ మీదికి వదులుతారు. వార్మర్లకు జనరేటరో కరెంటు పాయింటో కావాలి, బైకును రెండు చక్రాలూ నేలకు తగలకుండా నిలబెట్టే స్టాండ్లు కావాలి, తగినంత సమయం కావాలి. ఇవి లేని చోట స్లిక్‌ల గురించి, అంటే గాడులే లేని రేసు టైర్ల గురించి, మాట్లాడుకోవడం వృథా.

ఉన్న రకాలు, వాటి మధ్య తేడా

బైకుతో పాటు వచ్చిన టైరును చాలామంది ముందే తీసిపారేస్తారు. నా అభిప్రాయంలో మొదటి ట్రాక్ డేకు అది సరిపోతుంది, ఒకే షరతు: అది ఆరోగ్యంగా ఉండాలి. మొదటి రోజు మీరు నేర్చుకునేది చూపు ఎక్కడ నిలపాలి, బ్రేకు ఎక్కడ వదలాలి, శరీరాన్ని ఎటు జరపాలి అన్నవి. టైరు హద్దు దాకా మీరు వెళ్లరు. టైరు కంటే చాలా ముందే మీ ధైర్యం ఆగుతుంది. పైగా పట్టు కొంచెం తక్కువ ఉన్న టైరు యాక్సిలరేటర్ మీద చేతికి మెత్తదనం నేర్పుతుంది. ఆర్15 లాంటి బైకుకు వెనుక రేడియల్, ముందు బయాస్ టైరు కంపెనీ నుంచే వస్తాయి. అపాచీ ఆర్ఆర్310 2020 నుంచి మిషెలిన్ రోడ్ 5 టైర్లతో వచ్చింది. వీటితో మొదటి రెండు ట్రాక్ డేలు నిశ్చింతగా గడపవచ్చు.

బయాస్, రేడియల్ అన్న మాటలు ఇక్కడ తెలియాలి. బయాస్ టైరు లోపలి నైలాన్ దారాల పొరలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి అల్లుకొని ఉంటాయి. గోడలు దృఢంగా ఉంటాయి, గుంతల రోడ్లకు ఓర్చుకుంటాయి, కానీ పొరలు ఒకదానికొకటి ఒరుసుకోవడం వల్ల పుట్టిన వేడి త్వరగా బయటికి పోదు. రేడియల్‌లో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకు తిన్నగా సాగుతాయి, పైన బెల్టు ఉంటుంది. నేలను తాకే భాగం నిలకడగా ఉంటుంది, వేడి సమంగా పరుచుకుంటుంది. నేర్చుకునే దశ దాటినవారికి ట్రాక్ మీద రేడియల్ ఇచ్చే స్థిరత్వం మొదటి సెషన్‌లోనే తెలుస్తుంది. ముందొకటి, వెనుకొకటి ఇష్టం వచ్చినట్టు కలపడం మాత్రం మంచిది కాదు. బైకు తయారీదారు ఎంచిన కలయికను గానీ, ఒకే కంపెనీ ఒకే మోడల్ జతను గానీ వాడండి.

రెండో రకం స్పోర్ట్ టూరింగ్ టైర్లు. మిషెలిన్ రోడ్ వరుస, పిరెల్లీ ఏంజెల్ వరుస ఈ కోవలోవి. ఇవి త్వరగా వేడెక్కుతాయి, తడిలో నమ్మకంగా ఉంటాయి, చాలా దూరం వస్తాయి. వీటి బలహీనత మధ్యాహ్నం పూట బయటపడుతుంది. చెన్నై ఎండలో తారు 50 డిగ్రీలు దాటే వేళ, కాస్త అనుభవం ఉన్న రైడరు వరుసగా ఐదారు చుట్లు వేగంగా తిరిగితే వీటి రబ్బరు మోతాదుకు మించి వేడెక్కుతుంది, టైరు నేల మీద నూనె రాసినట్టు కదలడం మొదలవుతుంది. అప్పుడు రెండు చుట్లు నెమ్మదిస్తే మళ్లీ తేరుకుంటుంది. ఏడాదికి ఒక ట్రాక్ డే, మిగతా రోజులన్నీ గచ్చిబౌలి ఆఫీసుకూ వారాంతాల్లో వికారాబాద్, శ్రీశైలం దారులకూ తిరిగే మనిషికి ఈ రకమే న్యాయం చేస్తుంది.

మూడో రకం స్పోర్ట్ రేడియల్స్. పిరెల్లీ డయాబ్లో రోసో 3, రోసో 4, మిషెలిన్ పవర్ 5, బ్రిడ్జ్‌స్టోన్ ఎస్22, మెట్జెలర్ ఎం9ఆర్ఆర్ వంటివి విదేశీ పేర్లు. మన దేశపు కంపెనీల్లో అపోలో ఆల్ఫా హెచ్1, టీవీఎస్ యూరోగ్రిప్ ప్రొటార్క్ ఎక్స్‌ట్రీమ్ ఈ వర్గంలో చెప్పుకోదగ్గవి. హైదరాబాద్ నుంచి వెళ్లేవారిలో ఎక్కువమందికి నేను చెప్పే సలహా ఈ మూడో రకమే. వార్మర్లు లేకుండా రెండు మూడు చుట్లలో పని చేసే వేడికి వస్తాయి, ఆ వేడి దగ్గర నిలుస్తాయి, ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు ఒంగోలు దగ్గర వాన పడినా భయపెట్టవు. మొదట చెప్పిన రెండు బైకుల్లో చేతికి జిగటగా తగిలినది ఈ రకం టైరే. 300 నుంచి 400 సీసీ బైకుల మీద ఇవి తమ శక్తినంతా బయటపెడతాయి. అంతకు మించిన టైరు ఆ బైకుల మీద సగం నిద్రలో ఉంటుంది.

స్వదేశీ టైరా, విదేశీ టైరా అన్న సందేహం ఇక్కడే వస్తుంది. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం కొత్త టైర్ల దిగుమతిని లైసెన్సు అవసరమైన నియంత్రిత జాబితాలో చేర్చింది. అప్పటి నుంచి విదేశీ టైర్ల విషయంలో కావలసిన సైజు కావలసిన వేళకు దొరుకుతుందన్న భరోసా తగ్గింది. ముందు టైరు దొరికి వెనుక టైరు దొరకని సందర్భాలు నేనే చూశాను. ట్రాక్ డే తేదీ ఖాయమైన వారం తర్వాత వెతకడం మొదలుపెడితే దొరికినదానితో సర్దుకోవాలి. స్వదేశీ రేడియల్స్ ధరలో బాగా తక్కువ, నగరంలో సులభంగా దొరుకుతాయి, ఒక రాయి గుచ్చుకొని పాడైనా మనసు మరీ కష్టపెట్టుకోనక్కరలేదు. నేర్చుకునే దశలో ఒక ఖరీదైన జత కంటే రెండు చవక జతలూ, ఇంకొక ట్రాక్ డే రుసుమూ ఎక్కువ నేర్పుతాయని నేను గట్టిగా నమ్ముతాను.

నాలుగో రకం ట్రాక్ వైపు మొగ్గినవి, కానీ రోడ్డును పూర్తిగా వదలనివి. మిషెలిన్ తన వరుసలో ఈ తేడాను అంకెల్లో చూపింది కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. పవర్ 5ను పూర్తిగా రోడ్డు కోసమనీ, పవర్ జీపీని రోడ్డుకు సగం, ట్రాక్‌కు సగమనీ, పవర్ కప్ 2ను పది వంతుల్లో తొమ్మిది ట్రాక్ కోసమనీ ఆ కంపెనీ ప్రకటించింది. టైరు ఉపరితలంలో గాడులు ఆక్రమించే వాటా పవర్ 5లో 11 శాతం, పవర్ జీపీలో 6.5 శాతం, పవర్ కప్ 2లో 5 శాతం. గాడులు తగ్గితే నేలకు ఆనే రబ్బరు పెరుగుతుంది, రబ్బరు దిమ్మలు కదలడం తగ్గుతుంది. నీటిని తోసేసే శక్తి కూడా ఆ మేరకు తగ్గుతుంది. వీటిలో పవర్ జీపీ ఈ నాలుగో రకానిది; పిరెల్లీలో రోసో కోర్సా 2, సూపర్‌కోర్సా ఎస్‌పీ ఇంచుమించు ఆ స్థాయివి. 600 సీసీ, ఆ పైన బైకులున్నవారు, ఏటా మూడు నాలుగు ట్రాక్ డేలు చేసేవారు, బైకును డీసీఎంలో పంపేవారు వీటిని తీసుకోవచ్చు. ఈ మూడింటిలో ఒకటి మీకు వర్తించకపోయినా మూడో రకానికే దిగి రమ్మంటాను.

ఐదో రకం రోడ్డు అనుమతి ఉన్న రేసు టైర్లు, అంటే సూపర్‌కోర్సా ఎస్‌సీ, పవర్ కప్ 2 వంటివి. సూపర్‌కోర్సా ఎస్‌సీలో ఎస్‌సీ0 మెత్తనిది, ఎస్‌సీ1, ఎస్‌సీ2 దాటి ఎస్‌సీ3 దాకా గట్టిదనం పెరుగుతుంది. మొదటిసారి తీసుకునేవారు మెత్తనిదాని మీద మోజుపడటం సహజమే కానీ, వార్మర్లు లేని ట్రాక్ డేలో గట్టివాటి వైపు ఉండటమే క్షేమం. వీటికి ఇంకొక గుణం ఉంది: పూర్తిగా వేడెక్కి పూర్తిగా చల్లారడం ఒక ఆవృత్తి అనుకుంటే, అలాంటి ఒక్కో ఆవృత్తితో రబ్బరు కొంచెం గట్టిపడుతుంది. ట్రెడ్, అంటే గాడులున్న పైపొర, ఇంకా మిగిలే ఉంటుంది, పట్టు మాత్రం వెళ్లిపోయి ఉంటుంది. స్లిక్‌ల సంగతి వేరే చెప్పనక్కరలేదు. వార్మర్లు, సహాయకుడు, రోడ్డుకు ఎక్కని బైకు ఉన్నవారికి ఏం కొనాలో ఇప్పటికే తెలిసి ఉంటుంది.

గాలి: అందరూ తేలిగ్గా తీసుకునేది

ఏ టైరు కొన్నా, గాలి తప్పితే అది వేరే టైరు అయిపోతుంది. ఈ విషయం మీద నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే టైరు మార్చడానికి వేలు కావాలి, గాలి సరిచేయడానికి ఒక మంచి గేజీ, ఒక చిన్న పంపు చాలు.

మూసిన పాత్రలోని గాలి వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. ఉదయం 27 డిగ్రీల దగ్గర టైరులో 30 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉందనుకుందాం. లోపలి గాలి 57 డిగ్రీలకు చేరితే అదే గేజీ దాదాపు 34.5 చూపిస్తుంది. అంటే ప్రతి పది డిగ్రీలకూ ఒకటిన్నర పీఎస్‌ఐ పెరిగినట్టు. ట్రాక్ మీద లెక్కలోకి వచ్చేది ఈ వేడెక్కిన అంకె. కాబట్టి సెషన్ ముగిసి పిట్‌లోకి రాగానే, హెల్మెట్ తీయకముందే, గేజీ పెట్టి చూడాలి; పది నిమిషాలు ఆలస్యమైతే ఆ అంకె చెప్పవలసిన మాట చెప్పదు.

మన ఊరి నుంచి వెళ్లేవారికి ఇంకొక చిత్రమైన తేడా ఎదురవుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, చెన్నై సముద్రపు ఒడ్డున ఉంది. గేజీ చూపేది లోపలి ఒత్తిడికీ బయటి వాతావరణ ఒత్తిడికీ మధ్య తేడాను. చెన్నైలో బయటి ఒత్తిడి ఎక్కువ కాబట్టి, ఇక్కడ ఇంటి దగ్గర 30 ఉన్న టైరు అదే ఉష్ణోగ్రత దగ్గర అక్కడ 29 చూపిస్తుంది. గాలి దిగిందేమోనని కంగారుపడనక్కరలేదు. అయితే బయల్దేరే ముందు బంకులో పెట్టించిన గాలితోనే నేరుగా ట్రాక్ ఎక్కకూడదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. పైగా బంకు గేజీకీ మీ గేజీకీ ఒకటి రెండు పీఎస్‌ఐ తేడా ఉండటం మామూలే. ఎప్పుడూ ఒకే గేజీ వాడండి.

ట్రాక్ మీద ఎంత పెట్టాలి? టైరు కంపెనీ ట్రాక్ కోసం ప్రత్యేకంగా అంకె ఇస్తే అదే ప్రమాణం. ఇవ్వకపోతే, రోడ్డు టైర్లతో వెళ్లినప్పుడు నేను బైకు మాన్యువల్‌లోని అంకె కంటే రెండు పీఎస్‌ఐ తగ్గించి మొదటి సెషన్ మొదలుపెడతాను, వేడెక్కాక ఎంత పెరిగిందో చూసుకొని సరిచేస్తాను. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. సెషన్ తర్వాత గాలి మరీ ఎక్కువగా పెరిగి కనిపిస్తే మొదట పెట్టిన గాలి ఎక్కువైందని అనుకుంటారు. చాలాసార్లు జరిగేది దానికి వ్యతిరేకం: గాలి తక్కువైతే టైరు ఎక్కువగా నలుగుతుంది, ఎక్కువగా నలిగితే ఎక్కువ వేడి పుడుతుంది, ఆ వేడికే ఒత్తిడి అంతగా పెరుగుతుంది. అసలు పెరగకపోతే మీ వేగం ఆ టైరుకు చాలలేదని గానీ, మొదట్లోనే ఎక్కువ గాలి పెట్టారని గానీ అర్థం. పొద్దున ఏడున్నరకు సరిపోయిన గాలి మధ్యాహ్నం రెండింటికి సరిపోదు కాబట్టి భోజనం తర్వాత తప్పకుండా మరోసారి చూసుకోవాలి.

కొనేటప్పుడు చూడవలసినవి

టైరు గోడ మీద ఒక చిన్న కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 3423 అని ఉంటే ఆ టైరు 2023లో 34వ వారంలో తయారైందని అర్థం. కొన్ని టైర్లకు ఈ గడి ఒకవైపే ఉంటుంది, బిగించాక గొలుసు వైపు వస్తే వంగి చూడాలి. ఒకసారి ప్రయాణానికి రెండు రోజుల ముందు, ఆఫీసు ముగిశాక, నగరంలోని ఒక దుకాణంలో హడావిడిగా వెనుక టైరు వేయించుకున్నాను. రబ్బరు నల్లగా, మీద సన్నని వెంట్రుకల్లాంటి పోగులతో కొత్తగా మెరిసింది, ధర కూడా కొంచెం తగ్గించారు. ఇంటికి వచ్చాక సెల్లార్‌లో సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే నాలుగేళ్ల కిందటి తయారీ. మర్నాడు అడిగితే వాడని టైరు కదా, కొత్తదేనని వాదించారు. వాడకపోయినా రబ్బరు ఏళ్ల తరబడి గాలికీ వేడికీ గట్టిపడుతూనే ఉంటుంది. మార్చే వ్యవధి లేక దానితోనే వెళ్లాను. రెండో సెషన్‌లో ఒక నెమ్మదైన మలుపు నుంచి బయటికి వస్తూ యాక్సిలరేటర్ మామూలుగానే తిప్పినప్పుడు వెనుక చక్రం మెల్లగా పక్కకు పోయింది, బైకు కుడివైపు పడుకుంది. లెదర్ సూటు మోచేయి దగ్గర చిరిగింది, ఎముకలకు ఏమీ కాలేదు. ఆ రోజు మిగిలిన మూడు సెషన్లు కుర్చీలో కూర్చుని చూశాను. అప్పటి నుంచి టైరు రిమ్ముకు ఎక్కకముందే ఆ నాలుగు అంకెలు చదువుతున్నాను, ఏడాది దాటినదైతే పుచ్చుకోవడం లేదు.

సైజు విషయంలో వెడల్పు మోజు మానుకోవాలి. 4 అంగుళాల రిమ్ముకు 150/60 కంపెనీ ఇచ్చిన సైజు అయితే దానికి 160 ఎక్కిస్తే టైరు అంచులు లోపలికి నొక్కుకుపోయి మధ్యభాగం మరీ గుండ్రమవుతుంది. చూడటానికి లావుగా ఉన్నా వాలినప్పుడు నేలకు ఆనే భాగం పెరగదు, బైకు మలుపు తిరగడానికి బద్ధకిస్తుంది. సైజు పక్కన ఉండే అక్షరం వేగపు హద్దును చెబుతుంది: ఎస్ అంటే 180, హెచ్ అంటే 210, వీ అంటే 240, డబ్ల్యూ అంటే 270 కిలోమీటర్లు. బైకుకు నిర్దేశించిన అక్షరం కంటే తక్కువది ఎప్పుడూ తీసుకోవద్దు.

బిగించే చోటు కూడా టైరంత ముఖ్యం. రాణిగంజ్‌లోనో, మీ ఇంటి దగ్గరో, ఎక్కడైనా సరే, మెషిన్ మీద టైరు ఎక్కించి, చక్రం బ్యాలెన్సు చేసే దుకాణానికే వెళ్లండి. ఇనుప చువ్వలతో బలవంతంగా ఎక్కిస్తే అల్లాయ్ రిమ్ము అంచు గీసుకుపోతుంది, అక్కడి నుంచే రాత్రికి రాత్రి గాలి దిగుతుంది. గోడ మీది బాణం గుర్తు చక్రం తిరిగే దిశలో ఉందో లేదో అక్కడే చూసుకోండి. పంక్చరై ప్లగ్ వేసిన టైరును నేను ట్రాక్ ఎక్కించను, ఇతరులనూ ఎక్కించవద్దంటాను. కొత్త టైరును కనీసం వంద కిలోమీటర్లు మామూలు రోడ్డు మీద నడిపి పైపొర గరుకు తేలనివ్వాలి.

ఎవరికి ఏది

155 నుంచి 250 సీసీ బైకు, మొదటి ట్రాక్ డే: ఉన్న టైర్లే ఉంచి, వాటి వయసూ ట్రెడ్డూ చూసుకొని, డబ్బు మంచి గ్లవుజులకూ బ్రేకు ప్యాడ్లకూ ఖర్చు పెట్టండి. 300 నుంచి 400 సీసీ బైకు, సొంతంగా నడుపుకుంటూ వెళ్లేవారు: అపోలో ఆల్ఫా హెచ్1 గానీ ప్రొటార్క్ ఎక్స్‌ట్రీమ్ గానీ చాలు, విదేశీదే కావాలనుకుంటే, రెండు టైర్లూ మీ సైజులో దొరికితేనే, రోసో 4 తీసుకోండి. ఈ తరగతి బైకుకు రేసు టైరు అడిగేవారిని నేను ఎప్పుడూ వారిస్తాను, వారి వేగం ఎంతైనా సరే, వార్మర్లు చేతిలో ఉంటే తప్ప. 600 సీసీ, ఆ పైన ఉండి సొంతంగా నడుపుకుంటూ వెళ్లేవారు రోసో 4, పవర్ 5, ఎస్22ల దగ్గరే ఆగాలి. డీసీఎంలో పంపేవారు పవర్ జీపీ, రోసో కోర్సా 2 దాకా వెళ్లవచ్చు.

సవ్యదిశలో తిరిగే ట్రాక్‌లో కుడి మలుపులు ఎక్కువ కాబట్టి టైరు కుడి భుజం ముందుగా అరుగుతుంది. బైకు మీద తిరిగి రావలసినవారు సాయంత్రం ఆఖరి సెషన్‌కు ముందే వంగి ఆ వైపు ట్రెడ్‌లోని అరుగుదల గుర్తును చూసుకోవాలి. రబ్బరు ఆ గుర్తుకు దగ్గర పడితే ఆఖరి సెషన్ వదులుకోవాలి, ఎందుకంటే ఇంకా ఆరు వందల కిలోమీటర్ల దారి మిగిలి ఉంది. సామాను కట్టుకునే ముందు, టైర్లు పూర్తిగా చల్లారాక, ట్రాక్ కోసం తగ్గించిన గాలిని మళ్లీ మాన్యువల్‌లో చెప్పిన అంకెకు నింపి, అంచుల్లో అతుక్కున్న గులకరాళ్లను తీసేసి, అప్పుడు నెల్లూరు రోడ్డు ఎక్కండి.